భయం ఉందా అని అడిగే మనిషి

వీధిలో అందరూ ఆమెను ప్రశ్నలమ్మ అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం అక్కా అంటారు. పందొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగం ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడగడం. ఇంట్లో ఎందరున్నారు, ఏ సబ్బు వాడతారు, పిల్లలకు టీకాలు వేయించారా అని, ఎవరికి కావాల్సింది వాళ్లు ఆమె చేత అడిగించుకునేవారు. అట్టకు కాగితాలు బిగించి, సంచి భుజాన వేసుకుని, చెప్పులు విప్పకుండా గడప ముందు నిలబడే అడిగేది. కూర్చుంటే కబుర్లు, కబుర్లయితే ఆలస్యం. రోజుకు నలభై ఇళ్లు. ఆఫీసులో ఆమెను అందుకున్నవాళ్లు లేరు. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

నిరుడు వచ్చిన సర్వే వేరు. శిక్షణ రోజున సూపర్‌వైజరు తెర మీద బొమ్మలు చూపిస్తూ వివరించాడు. భద్రత అంటే సరిహద్దులూ తుపాకులూ అని ఇన్నాళ్లూ అనుకున్నారట. ఇప్పుడు ప్రపంచ సభల్లో మనిషి భద్రత అంటున్నారు. తిండి, ఆరోగ్యం, పని, ఇల్లు, వీధిలో నిర్భయంగా నడవడం. మనిషి లేమి లేకుండా, భయం లేకుండా, పరువుగా బతకాలి. ఎక్కడ భయం ఎక్కువో సాయం ముందు అక్కడికి వెళ్లాలి. ఇంత చిన్న మాట ఒప్పుకోవడానికి పెద్దమనుషులకు ఏళ్లు పట్టిందట. పట్టదూ మరి! ఆకలి గురించి మాట్లాడేవాళ్లంతా భోజనం చేసి వచ్చినవాళ్లాయె.

ప్రశ్నలమ్మకు మాత్రం ఆ మాటలు మనసుకు పట్టాయి. ఆమె భర్త ఇరవై ఏళ్లు రాళ్లు కోసే మిషను దగ్గర పనిచేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకుని ఇంటికి చేరాడు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అత్తగారు, వెనక గదిలో అతని దగ్గు. వీధి చివర చిన్న ఆస్పత్రి ఉంది. రోజూ మెల్లగా నడిపించుకుని వెళ్తే నర్సమ్మ ముక్కుకు మాస్కు తగిలించి మందు ఆవిరి పట్టిస్తుంది. పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారాలి. అంతదూరం అతను ప్రాణాలతో చేరతాడన్న నమ్మకం ఆమెకు లేదు.

తన వీధి తొంభై ఇళ్లూ ఆమెకే ఇచ్చారు. సొంత ఇంటికి తానే వెళ్లకూడదని నియమం కాబట్టి, ఆ ఒక్క ఇంటికీ తోటి ఉద్యోగిని కళ్లజోడావిడ వెళ్లింది. రెండున్నర రోజుల్లో పని అయిపోయింది.

నాలుగు నెలల తర్వాత సూపర్‌వైజరు పిలిచి కాగితం చూపించాడు. ఎనభై ఆరు ఇళ్లు "భయం లేదు" అన్నాయి. వీధి భద్రం. నెలాఖరుకు ఆస్పత్రిని, భయం ఎక్కువని తేలిన కాలవగట్టు పేటకు మారుస్తున్నారు.

"ఇదెలా కుదురుతుంది సార్? మా వీధిలో ఎవరి కష్టం ఏమిటో నాకు తెలుసు."

"మీరు రాసుకొచ్చిందే కదమ్మా. అక్కడివాళ్లు మాత్రం మనుషులు కారా? ఉన్నది ఒక్క ఆస్పత్రి." ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "అనుమానం ఉంటే పదో వంతు ఇళ్లు మళ్లీ అడగొచ్చు. వారం టైముంది."

చీటీలు తీస్తే తొమ్మిది ఇళ్లు వచ్చాయి. అందులో ఆమెదీ ఒకటి.

మొదట దర్జీ ఇల్లు. ఎప్పటిలాగే గడప ముందు నిలబడి అడిగింది. దర్జీ ఎప్పటిలాగే నవ్వాడు. "మాకేం భయమమ్మా, బాగానే ఉన్నాం." పక్కింటావిడ గిన్నెలు తోముతూ చెయ్యి ఆపి వింటోంది.

ప్రశ్నలమ్మ చెప్పులు విప్పింది. లోపలికెళ్లి, తలుపు దగ్గరకు వేసి, మిషను పక్కనున్న పీట మీద కూర్చుని మళ్లీ అడిగింది. దర్జీ కత్తెర కింద పెట్టాడు.

"సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. ఎడమ కన్ను పోయినట్టే. ఇంట్లో చెప్పలేదు."

"అప్పుడెందుకు చెప్పలేదన్నా?"

"నువ్వు నిలబడి అడిగావమ్మా. నిలబడ్డ మనిషికి బాగున్నాం అనేగా చెప్తాం."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగే పద్ధతిలో అడగకపోతే ఎవరూ చెప్పరని పందొమ్మిదేళ్లలో ఆమెకు తట్టలేదు. తన చురుకుదనమే ఇప్పుడు తన మొగుడి ఊపిరికి ఎసరు పెట్టింది. మిగతా ఇళ్లలోనూ కూర్చుంది. ఎనిమిదింట ఏడు ఇళ్లు జవాబు మార్చాయి.

ఆఖరి పాత కాగితం తన ఇంటిది. "ఆరోగ్యం గురించి భయం ఉందా?" అన్నచోట "లేదు". జవాబు చెప్పినది: ఇల్లాలు. కింద కళ్లజోడావిడ రాత: నవ్వుతూ చెప్పారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం వెనక గదిలో భర్త మేలుకునే ఉన్నాడు. "ఏం భయమండీ, మా ఆయన కోలుకుంటున్నారు" అని అతనికి వినపడేలా గట్టిగా చెప్పింది. అప్పుడెందుకు చెప్పలేదని దర్జీని నిలదీసిన మనిషికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు కళ్లజోడావిడ మళ్లీ వచ్చింది. వెనక గది వైపు చూసి, "ఆయన పడుకున్నాక అడగనా?" అంది మెల్లగా.

"వద్దు. ఇప్పుడే అడగండి."

అడిగింది. ఈసారి ప్రశ్నలమ్మ నవ్వకుండా చెప్పింది.

"ఉందండీ. పొద్దున కళ్లు తెరవగానే ముందు ఆయన దుప్పటి చూస్తాను, కదులుతోందా లేదా అని. కదిలితేనే లేచి పొయ్యి వెలిగిస్తాను. రెండేళ్లుగా ఇంతే."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక గదిలో దగ్గు ఆగింది. కాసేపటికి అతని గొంతు వినపడింది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ.

"నాకు తెలుసులేవే. నువ్వు చూస్తావనే... మెలకువ రాగానే... కాలు కదుపుతుంటాను."

ప్రశ్నలమ్మ అందరి ముందూ ఏడ్చేసింది. ఇంటికొక్కరి జవాబే రాయాలని నియమం ఉన్నా, కళ్లజోడావిడ అతని మాట కూడా అంచున రాసుకుంది.

కొత్త జవాబులు చూసి ఆస్పత్రిని రెండుగా పంచారు. వారంలో మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు కాలవగట్టున. అది చాలదని ఆలుమగలిద్దరికీ తెలుసు, కాలవగట్టు వాళ్లకూ తెలుసు. ప్రశ్నలమ్మ ఇప్పుడు రోజుకు పదిహేను ఇళ్లు కూడా దాటడం లేదని ఆఫీసులో సణుగుతున్నారు. ఇంట్లో అతను కాలు కదపడం మానేశాడు. తెల్లవారి మెలకువ రాగానే, "ఉన్నానే" అంటాడు. ఆమె లేచి పొయ్యి వెలిగిస్తుంది.