తగ్గని నూనె

తొమ్మిదేళ్ల నుంచి ఒక్క మాటను గుండెల్లో పెట్టుకొని తిరుగుతున్నాను. చిన్న మాట. ‘ఏం గాదు’ అన్నాను ఒక మనిషితో, అంతే. ఆ మాటతో వాడి బతుకు బండలైంది. అవుతుందని తెలిసే అన్నాను. నా భార్యకు కూడా ఇంతవరకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పడం కాస్త సులువనిపిస్తున్నది. పశ్చాత్తాపంతో రాస్తున్నావా అని మాత్రం ఇప్పుడే అడగకండి. ముందు వాడు నాకేం చేశాడో వినండి.

నేను కరీంనగర్‌లో మోటారు మిస్త్రీని. పోలీసు యాక్షన్ జరిగిన రెండు మూడేళ్లకు ఒక ఉస్తాద్ దగ్గర పని చేసేవాణ్ణి. అదే షాపులో రాజేశం డ్రైవరు. రాజేశం అన్నది వాడి అసలు పేరు కాదు, ఇక్కడికి అదే అనుకోండి. గిరాకీల కార్లు ఇంటి నుంచి తేవడం, బాగయ్యాక ఇంట్లో దింపిరావడం వాడి పని. స్టీరింగ్ పట్టుకుంటే వాడంతటివాడు లేడు, బానెట్ ఎత్తితే మాత్రం ఏది ఏమిటో తెలియదు. ఉస్తాద్‌కు కళ్లు మసకబారుతున్నాయి. షాపు నా చేతికిస్తానని నలుగురిలో చెప్పాడు. ఆ సంబరంలో నేను నోరు జారాను. గిరాకీల కార్లను దొంగచాటుగా కిరాయికి తిప్పుతున్నావు, షాపు నా చేతికొస్తే నిన్ను ఉంచను అని రాజేశంతో అన్నాను. అది నేను అన్న మాటే, దాచను.

వారం తిరగకముందే ఒక వకీలు గారి కారు కార్బొరేటర్ కనబడకుండా పోయింది. వెతికితే నా పనిముట్ల పెట్టెలో, పాత గుడ్డల కింద దొరికింది. అందరూ పెట్టెవైపు చూస్తున్నారు. రాజేశం ఒక్కడే నావైపు చూస్తున్నాడు. అప్పుడే నాకు అర్థమైపోయింది. కానీ వాడు నావైపు చూశాడని చెబితే ఎవరు నమ్ముతారు?

పోలీసులదాకా ఎందుకని బజారు పెద్దలే తీర్పు చెప్పారు. కార్బొరేటర్‌ను సుతిలితాడుకు కట్టి నా మెడలో వేసి, బస్టాండు ముందు పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. బస్సు దిగినవాళ్లు ఇదేమిటని అడిగి, తెలుసుకొని, నవ్వుకుంటూ పోయారు. సిరిసిల్ల బస్సులోంచి మా బాపు దిగాడు. నేత మనిషి. నేసిన చీరెల మూట నెత్తిన పెట్టుకొని దిగి, నన్ను చూసి, నెత్తి మీది మూట సర్దుకొని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి స్నానానికి పోయేముందు మొలకు కట్టుకునే డబ్బు సంచి విప్పి అవ్వ, అంటే మా అమ్మ, చేతికిచ్చి పోయేవాడు. అంతకుముందు దాన్ని దండెం మీద వేసి పోయేవాడు. కన్నకొడుకునని నాతో ఒకే కంచంలో తిన్న మనిషి. ఆయన బతికిన మూడేళ్లూ, నేను ఇంట్లో ఉన్నప్పుడల్లా, ఆ సంచి అవ్వ చేతికే పోయింది. నేను దొంగనన్న నమ్మకంతోనే కన్ను మూశాడు. ఇది చదివి కూడా రాజేశాన్ని క్షమించవలసింది అనేవాళ్లుంటే, వాళ్లకో నమస్కారం.

ఉస్తాద్ నన్ను పనిలోంచి తీసేశాడు. నేను ఆసిఫాబాదు దిక్కు వెళ్లి, ఒక పత్తి ఆసామి దగ్గర ట్రాక్టరు చూసే పనికి కుదిరాను. ఆ ట్రాక్టరు కిరసనాయిలుతో నడిచేది. మా దగ్గర గ్యాసునూనె అంటాం. ముందు కొంచెం పెట్రోలుతో ఇంజను పట్టించాలి, బాగా వేడెక్కాక టాపు, అంటే చిన్న కుళాయి, తిప్పి గ్యాసునూనె మీద వేయాలి, ఆపేముందు మళ్లీ పెట్రోలుకు రావాలి. ఖర్చు సగానికి సగం తగ్గేది. అక్కడి ముసలి డ్రైవరు సగం మరాఠీ, సగం తెలుగు కలిపి నాకు ముఖ్యమైన సంగతి ఒకటి నేర్పాడు. కాలకుండా మిగిలిన గ్యాసునూనె మెల్లగా కిందికి జారి, ఇంజనుకు పోసిన చిక్కటి నూనెలో కలుస్తుంది. నూనె పలుచబడుతుంది. పలుచబడ్డ నూనె లోపలి ఇనుమును కాపాడదు. కాబట్టి పదిరోజులకోసారి మొత్తం దించేసి కొత్తది పోయాలి. ఇంకో చిక్కుంది. నూనెలో గ్యాసునూనె కలుస్తున్నకొద్దీ, ఇంజనులో నూనె ఎంతుందో చూసే కొలపుల్ల మీద నూనె తగ్గినట్టు కాదు, పెరిగినట్టు కనిపిస్తుంది. తెలియనివాడు దాన్ని చూసి సంతోషపడతాడు.

ఉస్తాద్ పోయాక నేను కరీంనగర్ తిరిగి వచ్చి చిన్న షాపు పెట్టుకున్నాను. పని బాగా చేస్తానని గిరాకీ వచ్చేది, కానీ ఎవరొచ్చినా కారుతోపాటు ఒక మనిషిని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టేవారు. నా చేతులను కాపలా కాయడానికి! సామాను దొంగ కదా. ఆ కాపలా మనుషులకు నేనే చాయ్ తెప్పించేవాణ్ణి. తెప్పించిన ప్రతిసారీ రాజేశాన్ని తలుచుకునేవాణ్ణి.

అప్పుడు వాడే వచ్చాడు. రెండెకరాలు అమ్మి పాత అమెరికా కారొకటి కొన్నాడట. జగిత్యాల మీదుగా ధర్మపురికి నరసింహస్వామి యాత్రికులను తిప్పుతున్నాడట. కిరాయంతా పెట్రోలుకే పోతున్నదట. గ్యాసునూనె మీద నడిచేటట్టు చేసే మిస్త్రీ జిల్లాలో నువ్వొక్కడివే అంటగదా అన్నా అని, ఏమీ జరగనట్టు నవ్వుతూ నా బల్ల మీద కూర్చున్నాడు. ఆ బండి తప్ప వాడికి ఇంకేమీ లేదని వాడే చెప్పాడు. నేను ఆ మాటను పట్టుకున్నాను.

చేసి పెట్టాను. నిజం చెబుతున్నాను, అంత నీటుగా ఇంకే పనీ చేయలేదు. వెనక గ్యాసునూనెకు పెద్ద ట్యాంకు, ముందర పెట్రోలుకు చిన్న డబ్బా, నడుమ ఇత్తడి టాపు, గ్యాసునూనె వేడెక్కడానికి పొగగొట్టం పక్కనుంచి రాగి గొట్టం. టాపు ఎప్పుడు తిప్పాలో మూడుసార్లు చూపించాను. పదిరోజులకోసారి ఇంజను నూనె దించే సంగతి చెప్పలేదు. మరిచిపోయానా? లేదు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. అప్పటికి ఇంకా నన్ను నేను మోసం చేసుకోగలిగాను, చెప్పకపోవడం అబద్ధం ఎట్లవుతుంది అనుకున్నాను.

నెలరోజులకు వాడు కొలపుల్ల చేతిలో పట్టుకొని వచ్చాడు.

“అన్నా, గీ నూనె సూడు. పోసినకాడికెల్లి తగ్గుతనే లేదు. జరంత పెరిగినట్టే కనవడుతుంది. ఏమన్న పరేషానా?”

పుల్లను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గ్యాసునూనె వాసన గుప్పుమంది. వాడికి తెలియదు, ఆ కారంతా అదే వాసన, వాడి అంగీ కూడా అదే వాసన.

“ఏం గాదు,” అన్నాను. “ఇంజను నూనె తాగుతలేదంటే మంచిగున్నట్టే. ఫికర్ చెయ్యకు.”

ఇదీ ఆ మాట. అడిగాడు కాబట్టి చెప్పవలసి వచ్చింది, చెప్పవలసి వచ్చినప్పుడు ఇది చెప్పాను. ఆ క్షణంలో నాకు భయం వేయలేదు, జాలి కలగలేదు. హాయిగా ఉంది. బాపు సంచి గుర్తొచ్చింది.

వాడు ఆ పుల్లను బస్టాండంతా చూపించాడు. అన్న పెట్టిన సామానుతో పెట్రోలు ఖర్చే కాదు, ఇంజను నూనె ఖర్చు కూడా తప్పిందని చెప్పుకున్నాడు. స్వామి దయ అని ధర్మపురిలో కొబ్బరికాయలు కొట్టాడు. నేను ఎదురుచూశాను. ప్రతిరోజూ వాడి కారు చప్పుడు విని, ఇంకెన్నాళ్లు అని లెక్కవేసుకునేవాణ్ణి. ఇంత ఓపిక నాలో ఉందని నాకే తెలియదు.

నాలుగో నెలలో గంగాధర ఊరి దగ్గర ఇంజను లోపలి రాడ్డు విరిగి, ఇంజను గోడను పగలగొట్టుకొని బయటికొచ్చింది. యాత్రికులు దిగి నడిచి పోయారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కారుకు ఎడ్లను కట్టి కరీంనగర్ లాక్కొచ్చారు. పట్టపగలు, సరిగ్గా బస్టాండు ముందు నుంచే. రాజేశం స్టీరింగ్ పట్టుకొని తల దించుకొని కూర్చున్నాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు, అంత తృప్తి నా పెళ్లినాడు కూడా కలగలేదు.

కారు నా షాపులోకి రాగానే, వేరే మిస్త్రీలు చూస్తారేమోనని, ముందు ఇంజను నూనె దించేశాను. నీళ్లలా కారింది. వెనక పెంటకుప్ప మీద పారబోసి వచ్చాను. వచ్చేసరికి రాజేశం నేలమీద కూర్చొని ఏడుస్తున్నాడు. నా కాళ్లు పట్టుకున్నాడు. ఆనాడు నా పెట్టెలో కార్బొరేటర్ పెట్టింది తనేనన్నాడు. అందుకే దేవుడు కొట్టాడన్నాడు. ఇంజను పగలడానికి వేరే కారణం ఏమీ ఉండదు, నువ్వు చేసిన పని అంత బాగుంది అన్నాడు.

అప్పుడైనా చెప్పవలసింది. నేనేమన్నానో తెలుసా? దేవుడు చూస్తూనే ఉంటాడు, ఆ మాటేదో బస్టాండులో చెప్పు అన్నాను. మర్నాడు వాడు ఆ విరిగిన రాడ్డును తాడుకు కట్టి తన మెడలో తనే వేసుకొని, నన్ను నిలబెట్టిన చోటే నిలబడి, వచ్చినవాడికల్లా తన తప్పు చెప్పుకున్నాడు. ఆనాడు తీర్పు చెప్పిన పెద్దలు మా ఇంటికొచ్చి నాకు శాలువా కప్పారు. తనకు అన్యాయం చేసినవాడికి కూడా కారు బాగు చేసి పెట్టిన మనిషి అన్నారు. నా పక్కన కాపలా కూర్చోవడం ఆగిపోయింది. అవ్వ సంతోషంతో ఏడ్చింది. వినడానికి బాపు లేడు.

రాజేశం కారును పాత ఇనుము కింద అమ్మేసి, బెల్లంపల్లిలో బొగ్గుబాయి పనికి పోయాడు. భార్య కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి, తర్వాత వెళ్లింది. ఏటా ధర్మపురి జాతరకు చెప్పుల్లేకుండా నడిచిపోయి, గుండు చేయించుకొని, ఆ ప్రసాదం నా చేతిలో పెట్టడానికి కరీంనగర్ దాకా వచ్చేవాడు. ఒక ఏడు వచ్చినప్పుడు కుడిచేతికి రెండు వేళ్లు లేవు. ఆ చేత్తోనే ప్రసాదం ఇచ్చాడు, నేను కళ్లకద్దుకొని తిన్నాను. వాడు నన్ను దేవుడిలాంటి అన్న అనేవాడు. పగ తీరింది కదా, మరి ఆ ప్రసాదం ఎందుకు రుచించలేదు? వాడు చేసింది వాడు చెప్పుకున్నాడు. నేను చెప్పుకోలేదు. మా ఇద్దరిలో ఆ పాటి మగతనం వాడికే ఉందన్న సంగతి నాకు కారం రాసినట్టుండేది. దానికి కూడా వాడిమీదే కోపం వచ్చేది.

పోయిన ఏడు బాయి పని మానేసి వచ్చాడు. కూడబెట్టుకున్నదంతా పెట్టి ఒక పాత జీపు కొన్నాడట. మళ్లీ గ్యాసునూనె పెట్టి ఇవ్వు అన్నా, ఈసారి కన్నబిడ్డలా చూసుకుంటాను అన్నాడు. నూనె దించమని చెబితే, అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతాడు. చెప్పకపోతే ఈ జీపూ అట్లాగే పోతుంది. చేయనని పంపితే ఇంకో మిస్త్రీ దగ్గరికి పోతాడు. గ్యాసునూనె పని ఇప్పుడు నలుగురికి తెలుసు, వాళ్లు మొదట చెప్పేదే అది. వాడి మీద జాలితో చెప్పానా, దొరికిపోతానన్న భయంతో చెప్పానా? ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను. చెప్పానన్నది మాత్రం నిజం. పదిరోజులకోసారి నూనె మొత్తం దించాలి, పెరుగుతున్నదంటే పాడవుతున్నట్టు అన్నాను.

వాడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నా మొహంలోకి చూశాడు.

“గీ ముచ్చట నీకు గప్పుడు ఎరుకేనా?”

“ఎరుకే.”

“మరి ఎనిమిదేండ్ల సంది నేను మొక్కింది ఎవ్వలకు, అన్నా?”

వాడు లేచి వెళ్లిపోయాడు.

బజారంతా చెబుతాడని ఎదురుచూశాను. చెప్పనీ అనుకున్నాను, నేనే మెడలో ఏదో ఒకటి వేసుకొని నిలబడతాను అనుకున్నాను. వాడు ఎవరికీ చెప్పలేదు. జీపు ఇంకొకరి దగ్గర చేయించుకొని ధర్మపురికి తిప్పుకుంటున్నాడు. నలుగురిలో కనబడితే మాత్రం జీపు ఆపి, రెండు చేతులూ జోడించి, అందరికీ వినబడేటట్టు ‘నమస్తే అన్నా’ అంటాడు. కళ్లలో నవ్వు ఉండదు. పక్కనున్నవాళ్లు నా గొప్పతనం గురించి చెప్పుకుంటారు. వాడు కొట్టే దెబ్బ అది, సరిగ్గా తగలవలసిన చోట తగులుతున్నది. పగ ఎట్లా తీర్చుకోవాలో నాకన్నా బాగా నేర్చుకున్నాడు.

అందుకని రాస్తున్నాను. వాడు నా మెడలో వేసిన కార్బొరేటర్‌ను నేను ఈనాటికీ క్షమించలేదు, క్షమించినట్టు నటించను. కానీ ఆ ఇంజను పగలడంలో దేవుడికి ఏ సంబంధమూ లేదు. నేనే పగలగొట్టాను. ఈ ముక్క రాశాక చెయ్యి కొంచెం తేలికైంది. కింద పేరు పెడదామని రెండుసార్లు కలం ఎత్తాను, పెట్టలేకపోయాను.