బొమ్మకు పాలిచ్చే చదువు

"పాలిచ్చేదానికి గూడా పరీక్షనా? రేపు ఆవులించేదానికి గూడా కోర్సు పెడతారేమో" అని మా అత్త నవ్వింది, బేతంచెర్లలో మా ఇంటి నాపబండల మీద కాళ్లు చాపుకుని. బర్రె ఈనితే ముర్రుపాలతో జున్ను చేసి వీధి వీధంతా గిన్నెలు పంపే మనిషి ఆమె. కోడలి కాన్పులో మాత్రం అవే మొదటి పాలు చెడ్డవని నేలమీద పిండించింది. ఆ కోడలిని నేనే. బిడ్డకు తేనె నాకించి, చక్కెరనీళ్లు పట్టి, ఆ తర్వాత నాకు పాలు లేవని తీర్పు చెప్పి డబ్బాపాలు తెప్పించింది కూడా ఆమే. ఇంత అనుభవం ఉన్న ఇంట్లో చదువు ఎందుకని ఆమె అడగడంలో తప్పు లేదు.

రెండో కాన్పుకు ముందు నేను కర్నూలు గ్రంథాలయానికి పోవడం మొదలుపెట్టాను. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల మధ్య కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, నర్సింగ్ విద్యార్థుల లావుపాటి పుస్తకాలు చదివాను. నా చదువు బీకాం. అయినా పాలు ఎట్లా ఊరతాయో, బిడ్డ రొమ్మును ఎట్లా పట్టాలో మా వీధిలో నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు లేరు. రెండో బిడ్డకు నా పాలే ఇచ్చాను. ఇరుగుపొరుగు బాలింతలు వచ్చి అడిగేవాళ్లు. ఇదే వృత్తి చేసుకోవాలని, అంతర్జాతీయ పరీక్ష రాసి పాలిచ్చే తల్లుల సలహాదారును కావాలని అప్పుడే అనుకున్నాను.

పరీక్షకు కూర్చోవడానికి దారులు మూడు. ఆసుపత్రి చదువు చదివి, తల్లులతో పనిచేసినవాళ్లకు ఒకటి. కాలేజీలో ఇదే విషయం చదివేవాళ్లకు ఒకటి; అట్లాంటి కాలేజీ మా వైపు ఎక్కడుందో నేను అడిగినవాళ్లెవరూ చెప్పలేకపోయారు. మూడోది, అవసరమైన ఆరోగ్య పాఠాలు పూర్తిచేసి, ఇప్పటికే సర్టిఫికెట్ ఉన్న ఒకరి దగ్గర, వాళ్ల కళ్లముందు వందల గంటలు పనిచేయడం. అట్లాంటి ఒకామె కడపలో ఉందని తెలిసి ఫోన్ చేశాను. నా పఠనం గురించి చాలాసేపే చెప్పాను.

"ఏమేం పుస్తకాలు చదివినావో చెప్పినావు. ఎంతమంది తల్లుల పక్కన కూచున్నావో చెప్పలేదే" అంది ఆమె. "వచ్చేదుంటే చెప్పు. వస్తే మాత్రం కొన్నాళ్లు నోరెత్తకుండా కూచోవల్ల."

నాకు ఒళ్లు మండింది. నిఘంటువు పెట్టుకుని చదివినదాన్ని నోరెత్తకుండా కూర్చోమంటుందా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే మా ఆయన ఒక కరపత్రం తెచ్చాడు. కర్నూలులో, హోటల్ హాల్లో, రెండు రోజుల శిక్షణ, సర్టిఫికెట్ గ్యారంటీ. మొదటి పూట ఉచితం, నచ్చితే భోజనం తర్వాత ఫీజు కట్టాలి. "కడప యాడ, కర్నూలు యాడ? ఇదే పోరాదా" అన్నాడు. పోయాను, కట్టేద్దామనే; తలుపు దగ్గర పేరు, ఫోన్ నంబరు రాసిచ్చి లోపల కూర్చున్నాను.

వేదిక మీద టై కట్టుకున్న శిక్షకుడు, అతని చేతిలో ప్లాస్టిక్ బొమ్మ. బొమ్మ నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఏడవదు, కరవదు, నిద్రపోదు. ఇంత బుద్ధిమంతురాలైన బిడ్డను మా జిల్లాలో ఎవరూ కనలేదు. నేను లేచి, ఈ కోర్సు చేస్తే పరీక్షకు కూర్చోవచ్చా అని అడిగాను.

"మా సర్టిఫికెట్ ఉన్నాక పరీక్ష ఎందుకు మేడమ్?" అన్నాడతను. హాలంతా నవ్వింది. నిజంగానే వాళ్లకు అది సంతోషం కలిగించే సంగతి.

అప్పుడు తలుపు దగ్గర ఒక పసిబిడ్డ ఏడ్పు వినిపించింది. బురఖా వేసుకున్న చిన్న వయసు తల్లి. కరపత్రంలో 'పాల సమస్యలకు పరిష్కారం' అని చదివి, వైద్య శిబిరమనుకుని ఆటో ఎక్కి వచ్చింది. శిక్షకుడు బొమ్మను చంకలో పెట్టుకుని, "ఇది ట్రైనింగ్ అమ్మా, ట్రీట్‌మెంట్ కాదు. బిడ్డను బయటికి తీసుకెళ్లండి, డిస్టర్బెన్స్" అన్నాడు. తల్లిపాల గురించి నేర్చుకోవడానికి వచ్చిన హాలెడు మందిలో ఒక్కరూ లేవలేదు. నోట్సు రాసుకుంటున్నారు.

నేను ఆమె వెంట బయటికి వచ్చాను. మెట్ల కింద ఖాళీ కుర్చీలో కూర్చుంది. "పుండ్లు పడినాయి అక్కా. మా అత్త డబ్బాపాలు తెచ్చి పెట్టేసింది. ఈడ ఏమన్నా చెప్తారని వచ్చినా" అంది.

నేను అందుకున్నాను. గడ్డం రొమ్ముకు తగలాలి, నోరు వెడల్పుగా తెరవాలి, బిడ్డను రొమ్ము దగ్గరికి తేవాలి గానీ రొమ్మును బిడ్డ దగ్గరికి కాదు. అన్నీ సరైన మాటలే. బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చాడు.

"నువ్వు చెప్పేది నాకు అర్థమైతాంది అక్కా. వీనికే తెల్దు" అంది ఆమె.

ఇంక చెప్పడానికి నా దగ్గర పాఠం లేదు. ఊరకే పక్కన కూర్చున్నాను. ఆమె అలసిపోయి గోడకు వెనక్కి వాలింది, బిడ్డను గుండెల మీద పడుకోబెట్టుకుంది. వాడు కాసేపు ముక్కుతో వెతికి, పెద్దగా నోరు తెరిచి తనంతట తానే పట్టుకున్నాడు. ఆమె పళ్లు బిగించింది, తర్వాత ఆ బిగువు వదిలేసింది. "అంత నొప్పి లేదక్కా" అంది, నమ్మలేనట్టు. ఆ వాలే భంగిమ నేను చదివిందే. దాని చిత్రం పుస్తకంలో కుడిపక్క పేజీలో ఉంటుంది. కావలసినప్పుడు మాత్రం ఆ పేజీ నా నోటికి రాలేదు.

లోపల భోజనాలు మొదలయ్యాయి. నేను ఫీజు బల్ల దాటుకుని బస్టాండుకు పోయి కడపకు ఫోన్ చేశాను.

"ఈ రోజు ఒక తల్లి పక్కన కూచున్నాను" అని చెప్పాను.

"ఏం చేసినావు?"

"ముందు శానా మాట్లాడినా. తర్వాత ఏం చేయలేదు."

"సోమారం రా" అంది.

బేతంచెర్లలో బస్సు దిగేలోపే నా ఫోన్‌కు సర్టిఫికెట్ వచ్చింది. ఒక్క పూట కూర్చుని, ఫీజు కట్టకుండా లేచి వచ్చినదానికి 'విజయవంతంగా పాల్గొన్నందుకు' అట, కింద బంగారు రంగు ముద్ర. మా అత్త ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసి మెచ్చుకుంది.

"పాసయినావు గదమ్మా. ఇంక కడప ఏల?"

"అది బొమ్మ పాసయింది అత్తా" అన్నాను. సోమవారం కడపకు మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోమని మా ఆయనకు చెప్పి లోపలికి పోయాను.