ఖాళీగా మిగిలిన గడి

రిపేరక్క కంప్యూటరు డబ్బా పక్క తలుపు స్క్రూలు రెండూ విప్పి సీసా మూతలో వేసింది. ఫ్యాను రెక్క తిరగకుండా చూపుడువేలు అడ్డుపెట్టి, పెయింటు బ్రష్షుతో మెల్లగా దుమ్ము దులపసాగింది. గాలి ఊదినప్పుడు ఫ్యాను గిర్రున తిరిగితే లోపల బేరింగు పాడవుతుందని ఆమె వెళ్లిన ప్రతి ఇంట్లోనూ చెబుతుంది. ఈ ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఆ సంగతి ఆమెకు నేర్పినవాడు ఈ ఇంటి మాస్టారే. ఆయన పోయి ఇరవై రోజులైంది.

"దుమ్ము తర్వాత దులుపుదువుగానీ, ముందు ఆ ఫైలు సంగతి చూడు" అంది మాస్టారి భార్య, గుమ్మానికి ఆనుకుని నిలబడి.

"ముందు దీనికి ఊపిరాడాలి కదా పిన్నిగారూ."

అనేసి నాలుక కరుచుకుంది. మాస్టారు పోయింది గొంతు జబ్బుతో.

ఊళ్లోవాళ్లు ఆమెను రిపేరక్క అంటారుగానీ, ఏ బడిలోనూ ఆమె రిపేరు నేర్చుకోలేదు. పందొమ్మిదో ఏట ప్రెస్సులో కాగితాలు మడతపెట్టే పనికి చేరింది. కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే ఉద్యోగం మాస్టారిది. మధ్యాహ్నం అన్నం గంటలో ఆయన కుర్చీ ఖాళీ అయినప్పుడు ఆమె వెళ్లి కూర్చునేది. రెండోరోజే దొరికిపోయింది. ఆయన తిట్టలేదు. "కూర్చుంటే సరిగ్గా కూర్చో, నడుం పోతుంది" అన్నాడు. అంతే, అదే అడ్మిషను. ప్రెస్సులో పని తగ్గిపోయాక ఆమె స్క్రూడ్రైవరు పట్టుకుని ఇళ్లకు తిరగడం మొదలుపెట్టింది. ఆయన ఇంటికే పరిమితమయ్యాడు.

డబ్బా మూసి కరెంటు పెట్టింది. తెర వెలిగాక ఫైలు వెతికింది. దాని పేరు 'నీకు'. ఆస్పత్రిలో చివరి వారం ఆయన భార్యకు మందుల చీటీ వెనక పెన్సిలుతో రాసి చూపించాడట, కంప్యూటర్లో నీకు ఒక ఫైలు పెట్టానని. ఫైలు తెరిచింది. తెర నిండా పిచ్చి గీతలు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, సగం విరిగిన గుర్తులు. తెలుగన్నది మచ్చుకైనా లేదు.

"మా తమ్ముడు వచ్చి చూశాడు. వైరస్ తినేసింది, ఇంక ఆశ వదులుకో అన్నాడు. నిజమేనా?"

రిపేరక్కకు చూడగానే అర్థమైపోయింది. మాస్టారిని రెండోసారి ఆస్పత్రిలో చేర్చినప్పుడు, కంప్యూటరు నత్తలా నడుస్తోందని ఇంటివాళ్లు తననే పిలిచారు. ఆయన తిరిగొచ్చేసరికి కొత్తదానిలా ఉండాలని తనే పాతదంతా చెరిపేసి కొత్తగా సిస్టం ఎక్కించింది. చెరిపేముందు ఏమేం దాచాలో ఆమె దగ్గర ఒక చీటీ ఉంది. ఫొటోలు, ఫైళ్లు, ఉత్తరాలు, ఫోను నంబర్లు, పాస్‌వర్డులు, ప్రింటరు డిస్కు. ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ దాచింది. అందులో ఫాంట్లు లేవు. అక్షరాలు ఎక్కడికి పోతాయిలే అనుకుంది. మాస్టారు మళ్లీ ఇంటికి రానేలేదు.

వైరస్ మీదికి నెట్టేస్తే సరిపోయేది. అది వచ్చి కాదని సాక్ష్యం చెప్పదు. పిన్నిగారు నమ్మేది కూడా.

"వైరస్ కాదు పిన్నిగారూ. ఈ పని నాదే" అంది.

ఆమె ఏమీ అర్థంకానట్టు చూసింది. రిపేరక్క నిదానంగా చెప్పుకొచ్చింది. ఈ ఫైలు పాతకాలపు ఫాంటులో కొట్టింది. అలాంటి ఫైల్లో నిజానికి అక్షరాలు ఉండవు, గడి నంబర్లే ఉంటాయి. ఏ గడిలో ఏ అక్షరం ఉందో చెప్పేది ఫాంటు. ఆ ఫాంటును తను చెరిపేసింది. ఫైలుకు దెబ్బ తగల్లేదు, దాన్ని చదివే కళ్లే పోయాయి.

"మరి ఆ ఫాంటేదో తెచ్చి పెట్టరాదూ?"

"బజార్లో దొరికేది తెస్తే కుదరదు. మాస్టారు అందులో అక్షరాలన్నీ అటూ ఇటూ జరిపేశారు."

ఎందుకు జరిపాడో ఇద్దరికీ తెలుసు. వయసులో ఉండగా కాగితాలు కోసే మిషనులో ఆయన ఎడమ చిటికెన వేలు సగం తెగింది. ఆ వేలికి అందని మీటల మీది అక్షరాలను ఆయన ఒక్కొక్కటిగా తనకు అందే చోటికి మార్చుకున్నాడు. నాలుగేళ్లు మారుస్తూనే ఉన్నాడు. అలా మార్చడం రిపేరక్క కళ్లారా చూసింది. అంత చూసీ మరిచిపోయింది.

పిన్నిగారు కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు.

"నీ తప్పో ఒప్పో నాకెందుకుగానీ, నువ్వు దీన్ని బాగుచెయ్యగలవా లేదా? అది చెప్పు."

"చేస్తాను. టైము పడుతుంది."

"అయితే ఒక మాట. నువ్వు చదవకూడదు. ఒక్క ముక్క కూడా. అది నాకు రాసింది."

"చదవను."

"చదవకుండా ఎలా బాగుచేస్తావే?"

రిపేరక్క ఫైలు మూసేసింది.

ఆ ప్రశ్నకు జవాబు మర్నాడు ప్రెస్సులో దొరికింది. మాస్టారు కంప్యూటర్లో ప్రెస్సు కోసం కొట్టిన పాత పనులు రెండొందల దాకా ఉన్నాయి. అవీ ఇప్పుడు పిచ్చి గీతలే. కానీ ప్రెస్సులో ప్రతి పనికీ ఒక నమూనా కాగితం ఆల్బంలో అతికించి ఉంచుతారు. ఇటు గీతలు, అటు అచ్చు పక్కపక్కన పెట్టుకుంటే ఏ గడిలో ఏ అక్షరముందో తేలిపోతుంది. ఉత్తరం జోలికి పోనక్కర్లేదు.

"ఏమ్మా, కంప్యూటర్లన్నీ అయిపోయి మా పాత కాగితాల మీద పడ్డావా?" అన్నాడు ప్రెస్సు ఓనరు, ఆల్బం దుమ్ము ఊదుతూ.

"మీ తప్పులు ఎన్నున్నాయో లెక్కపెడదామని."

"మావి కావు తల్లీ. మాస్టారు ఉన్నన్నాళ్లూ ఈ ప్రెస్సులో ఒక్క తప్పు పోలేదు. ఇప్పుడు చూడు, మొన్న 'ఆహ్వానం' అనబోయి 'అవమానం' అని వేశాం. వాళ్లూ వచ్చి అదే చేసి వెళ్లారు." నవ్వాడుగానీ ఆ నవ్వు నిలవలేదు. "పట్టుకెళ్లు. మళ్లీ తేకపోయినా అడిగేవాళ్లెవరూ లేరిక్కడ."

పదకొండు మధ్యాహ్నాలు ఆమె మాస్టారి బల్ల దగ్గరే కూర్చుంది. పెద్ద డ్రాయింగు కాగితం మీద గళ్లు గీసి, ప్రతి గడికీ నంబరు వేసింది. పక్కన ఆల్బం తెరిచి పెట్టుకుంది. మందుల షాపు బిల్లు పుస్తకంలోని 'ఔషధాలు' అనే మాటతో 'ఔ' తేలింది. బడి మార్కుల కార్డులోని 'హాజరు' నుంచి 'హా' వచ్చింది. బ్యాంకు నోటీసులో 'ఋణం' ఉండబట్టి 'ఋ' దొరికింది, లేకపోతే దానికోసం ఎన్ని కాగితాలు తిరగెయ్యాల్సి వచ్చేదో. దొరికిన అక్షరాన్ని బజారు ఫాంటులోంచి తీసి, మాస్టారు పెట్టిన గడిలోకి జరిపేది. ఒకటి జరిపాక పాత పనుల్లో ఒకదాన్ని తెరిచి సరిచూసుకునేది. రోజురోజుకూ గీతల మధ్య తెలుగు పైకి తేలసాగింది.

ఆ గళ్లు నింపుతుంటే ఆయన చెయ్యి ఎలా కదిలేదో ఆమెకు తెలిసొచ్చింది. ఏ అక్షరం ఎప్పుడు విసిగించిందో, దేన్ని ఎక్కడ పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడో అంతా ఆ కాగితం మీదుంది. బతికుండగా ఆయన్ను ఇంత దగ్గరగా చూడలేదు. ఆస్పత్రికి వెళ్లింది కూడా రెండేసార్లు. పని ఉందని చెప్పి పది నిమిషాల్లో లేచొచ్చింది. ఆ పనులేమిటో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు.

పిన్నిగారు మూడున్నరకు మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టేది. తెర వైపు చూసేది కాదు.

పన్నెండోరోజుకు ఒక్క గడి మిగిలింది. బజారు ఫాంటులో అది ఖాళీ గడి, ఆల్బంలో ఏ పనిలోనూ వాడలేదు. ఆమె దగ్గర ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. ఫైల్లో ఏ గడి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క చెబుతుందిగానీ మాటలు చూపించదు. దాన్ని 'నీకు' మీద నడిపింది. ఆ ఒక్క గడి నలభై ఒక్కసార్లు వచ్చింది.

ఉత్తరం తెరిచి ఒక్క వాక్యం చూస్తే అదేమిటో ఇట్టే తెలిసిపోతుంది. పిన్నిగారు వంటింట్లో ఉంది. చెయ్యి మౌసు మీదికి వెళ్లింది. వెళ్లిన చేతిని వెనక్కి తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, కాసేపు ఊరికే కూర్చుంది.

తర్వాత కొత్త ఫాంటుకు పాతదాని పేరే పెట్టి ఎక్కించింది. ఫైలు తెరవకుండానే దాని పేరు మీద నొక్కి ప్రింటుకు పంపింది. ఆ ప్రింటరు కాగితాలను బోర్లా పడేసే రకం. పది కాగితాలు పడ్డాయి. వాటిని అలాగే తీసి బల్ల చివర పెట్టి, పిన్నిగారిని పిలిచింది.

"ఒక్క అక్షరం దొరకలేదు. అది వచ్చినచోటల్లా చిన్న చదరం పడుతుంది. ఏమనుకోకండి."

పిన్నిగారు కళ్లద్దాలు పెట్టుకుని, కాగితాలు తిప్పి మొదటిది చూసింది.

"ఇదేమిటే, మొదటి మాటకే పన్ను ఊడిపోయింది" అంది. ఆ వెంటనే ఆగిపోయింది. కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుంది.

"ఠీ" అంది. "అక్కడ ఠీ వెయ్యి. ఠీవిలో ఠీ."

రిపేరక్క తల తిప్పుకుంది. పిన్నిగారే మళ్లీ మొదలుపెట్టింది.

"కోపమొస్తే నేను తల ఎగరేసి నడుస్తానట. ఠీవమ్మా, ఠీవమ్మా అని ఇల్లంతా వెంట తిరిగేవారు. ఇంట్లోనే, ఎవరూ లేనప్పుడు. ఆ ఆపరేషనయ్యాక మాట పోతే పలక ఒకటి పెట్టుకున్నారు. నీళ్లు అని రాసేవారు, మందు అని రాసేవారు, తలుపు వెయ్యి అని రాసేవారు. ఎనిమిది నెలలు ఇంట్లో ఉన్నారా, ఈ మాట ఒక్కసారి రాయలేదు. గొంతుతోపాటు నామీద ప్రేమా పోయిందనుకున్నా. నేనైనా అడగొచ్చు కదా. అడగలేదు. ఠీవి కదా మరి!"

నవ్వబోయింది. నవ్వు రాలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని కాగితం మీద ఇంకో రెండు వరుసలు చదివింది. మూడో వరుస దగ్గర వేలు ఆపి, తనకు తనే చెప్పుకున్నట్టు పైకి చదివింది.

"'నిన్ను పలక మీద పిలవబుద్ధి కాలేదు. రాసిందాన్ని మళ్లీ తుడవాల్సొస్తుంది.'"

పిన్నిగారు మిగతా కాగితాలు ఒకసారి తిరగేసింది.

"ఎన్నిచోట్ల ఉందే ఈ చదరం?"

"నలభై ఒకటి."

"పక్కగదిలోనే ఉన్నాను నేను. ఈయన ఇక్కడ కూర్చుని టకటకా కొడుతూనే ఉండేవారు. విసుగొచ్చి తలుపేసుకునేదాన్ని."

రిపేరక్క ఫాంటు గళ్లు తెరిచి, ఆ ఖాళీ గడిలోకి 'ఠ' తెచ్చింది. దాని తలకట్టు తీసేసింది. 'టీ' లోంచి గుడిదీర్ఘం తెచ్చి నెత్తిన పెడితే అది పక్కకు జారి, పొట్టలో చుక్క ఇరుగ్గా కనిపించింది. మాస్టారు బజారు అక్షరంతో సరిపెట్టుకోకుండా దీన్ని సొంతంగా ఎందుకు గీసుకున్నాడో అప్పుడు తెలిసింది. ఇంత అందవికారంగా ఆయన ఆమెను పిలవలేడు. చెరిపి మళ్లీ గీసింది. మూడోసారి గుడిని కాస్త వెడల్పు చేసి, దీర్ఘం చివర కొద్దిగా పైకి ఎగరేసింది.

"ఇలా ఉందా పిన్నిగారూ?"

పిన్నిగారు ఈ పన్నెండు రోజుల్లో మొదటిసారి తెర వైపు వంగి చూసింది.

"తల ఇంకొంచెం ఎత్తు" అంది.

ఇంకొంచెం ఎత్తింది. అది మాస్టారు గీసిన అక్షరం కాదు, ఎప్పటికీ కాబోదు. అయినా గడిలో కుదురుగా నిలిచింది. దాన్ని భద్రం చేసి, ఫాంటును రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించింది. ఒకటి పిన్నిగారి బీరువాకు, ఒకటి తన పెట్టెకు. ఒక్కచోటే ఉన్నదాన్ని ఆమె ఇకపై దాచినట్టు లెక్కవెయ్యదు. పర్సులోంచి ఆ పాత చీటీ తీసి, ప్రింటరు డిస్కు కింద 'ఫాంట్లు' అని రాసింది. మాస్టారి ఫాంటు పోయింది కాబట్టి ఆ పక్కన టిక్కు పెట్టలేదు.

మళ్లీ ప్రింటుకు పంపింది. కాగితాలు ఒక్కొక్కటే బోర్లా పడుతుంటే ఇద్దరూ వింటూ కూర్చున్నారు. పదోది పడ్డాక రిపేరక్క వాటిని బల్లకేసి తట్టి అంచులు సర్ది, ఎడమ మూల పిన్ను కొట్టి, తిప్పకుండా అలాగే పిన్నిగారి చేతుల్లో పెట్టింది.