పార్లనో, జొన్న రొట్టె

ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లంటే నాకు భయం. ఇప్పుడు నవ్వొస్తుంది. వాళ్లకు రొట్టెలు కాల్చి పెట్టాక ఇంకెక్కడి భయం! (రాసుకునే బిడ్డా, నవ్వకు, చెప్పింది చెప్పినట్టు రాయి.) ఇంటాయన పోయిన మూడో నెలలో మా ఊరు ముడిమ్యాల నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేలా మొయినాబాద్ ఫాంహౌసులో వంటకు కుదిరాను. అక్కడి సారు కంప్యూటర్ ముందు కూర్చుని, ఇటలీకి చదువుకోబోయే పిల్లలకు ఆ దేశపు భాష నేర్పేవాడు. నేర్పడమంటే ఏమనుకున్నారు, ఒక్కో మాటనూ బోర్డు మీద సొరకాయలా తరగడం, ఏ ముక్కను ఒత్తి పలకాలో దాని కింద గీత గీయడం. 'వాళ్లు మాట్లాడతారు' అనాలంటే 'పార్లనో' అట, ఒత్తు మొదటి ముక్క మీద. పిల్లలేమో నడిమి ముక్కను గుంజి 'పర్లానో' అనేవాళ్లు. వారం రోజులు ఆ ఒక్క మాటే! మాట్లాడడం నేర్పమంటే మాటలు కోస్తూ కూర్చున్నాడు మహానుభావుడు.

పైగా పాఠం మధ్యలో ఆయనకు వేడి జొన్న రొట్టె కావాలి, చప్పుడు మాత్రం కాకూడదు. "ఇంకోసారి చప్పుడైతే రేపటి సంది పనికి రాకు" అన్నాడు. నా ఇద్దరు పిల్లల కడుపులు ఆ పని మీదే. అందుకే పసిబిడ్డను జోకొట్టినట్టు పిండిని తట్టాను. అంచులు చీలాయి.

"ఏందిది? మ్యాపు లెక్కున్నది!"

నాకు మండింది. "గట్టిగ కొడితే చప్పుడంటరు, మెల్లగ కొడితే మ్యాపంటరు. రొట్టెకు జర ఇంగ్లీషుల చెప్పాల్నా సారూ?"

పని ఎలాగూ పోయిందని ఒళ్లు మరిచి కొట్టాను. మొదటి దెబ్బ గట్టిగా, తర్వాత తిప్పుతూ రెండు మెత్తగా. కంప్యూటర్‌లోంచి ఒక ఆడపిల్ల అరిచింది: "అక్కా, ఆగకు! అదే, అదే! పా-ర్ల-నో!" అందరూ నా రొట్టెతో కలిసి సరిగ్గా పలికారు. సారు మొహం మాడిన రొట్టె. ఉక్రోషం కొద్దీ ఇంకో మాట ఇచ్చాడు, 'పర్లారే', ఒత్తు నడుమ. నా చేతికి పుట్టి బుద్ధెరిగాక మొదటి దెబ్బే గట్టిది. నడుమ దెబ్బ గట్టిగా వేయబోతే రొట్టె రెండు ముక్కలైంది. అందరూ నవ్వారు.

"రేపు జల్ది రా. ఇంకా మస్తు మాటలున్నయ్" అన్నాడు సారు, ఆ ఉపాయమేదో తన తలలో పుట్టినట్టు.

బస్సులో మోకాలి మీద నడుమ దెబ్బ సాధన చేశాను. పక్కనున్న ముసలామె, "మోకాలు నొస్తున్నదా బిడ్డా?" అంది.

"లేదవ్వా, ఇటలీ నేర్చుకుంటున్న."

ఎంత పొగరు! పని నిలిచిందన్న సంబరంలో మా ఊరి స్టేజీ దాటిపోయిందనే చూసుకోలేదు. చేవెళ్లలో దిగి, మోకాలు కొట్టుకుంటూనే వెనక్కి నడిచింది ఆ పిచ్చిది, అంటే అప్పటి నేను.