బెయిలు ఊరేగింపు

మా తమ్ముడి కొడుకు బెయిలు మీద బయటికి వచ్చిన రోజు ఆళ్లగడ్డలో టపాకాయలు కాల్చారు. టాపు లేని జీపు తెచ్చి వాడిని అందులో నిలబెట్టారు. గడ్డం దాకా బంతిపూల దండలు. నా తమ్ముడు జీపు ముందు నడుస్తూ ఎదురొచ్చిన వాళ్లకల్లా లడ్లు పంచుతున్నాడు. రోడ్డుకు ఇవతల చెప్పుల అంగడి ముందు నిలబడి నేను అదంతా చూశాను. ఒక ముసలాయన్ని కింద పడేసి తన్నినందుకు ఈ వైభోగం. 

వాడు నా ఇంట్లో ఉండి డిగ్రీ చదివినవాడు. నంద్యాలలో మాకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. మా ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. పిల్లలు లేరు. తమ్ముడిది ఆళ్లగడ్డలో కిరాణా వ్యాపారం. కొడుకుని నంద్యాల కాలేజీలో చేర్చి నా దగ్గర వదిలాడు. వచ్చిన కొత్తలో వాడెంత మెతకవాడంటే, మేడ మీది గదిలో ఒంటరిగా పడుకోవడానికి భయపడి కింద హాల్లో చాప వేసుకునేవాడు. పొద్దున బొరుగుల ఉగ్గాని చేస్తే బజ్జీల కోసం పొయ్యి దగ్గరే నిలబడేవాడు. సాయంత్రం కాలేజీ నుంచి అంగడికి వచ్చి గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. మిషను పట్టుకుంటే వాడి అక్షరాలు ముత్యాల్లా వచ్చేవి. "ఆ పిల్లోడొచ్చినాకనే రాపిచ్చుకుంటాం లేమ్మా" అని కూర్చునేవాళ్లు కొందరు.

మాకు ఏళ్ల తరబడి వచ్చే టీచరమ్మ ఒకామె ఉంది. ఆమె భర్త పాస్టరు. అందరూ ఆయన్ని అయ్యగారు అంటారు. క్రిస్మస్ ముందు చర్చి భోజనాలకు డేగిసాలు, గరిటెలు మా దగ్గరే కొనేది. అవి వేరేవాళ్ల సామాన్లలో కలిసిపోకుండా అంచున చిన్న సిలువ గీయమనేది. మొదటి ఏడాది మావాడు సిలువ గీసి, దాని కింద అడక్కుండానే ఒక పువ్వు కూడా గీశాడు. ఆమె మురిసిపోయి పండగ మరునాడు వాడికి కేకు తెచ్చిపెట్టింది.

ఆ తర్వాత వాడు జిమ్ములో చేరాడు. అక్కడికి ఒక అన్న వచ్చేవాడు. ఏ ఊరని అడిగితే ఒకసారి నందికొట్కూరు వైపు అనేవాడు, ఒకసారి కర్నూలు అనేవాడు. కుర్రాళ్లకు టీషర్టులు కొనిపెట్టేవాడు, బండ్లకు పెట్రోలు పోయించేవాడు. ఒక రోజు మావాడు ఆయన్ని భోజనానికి తీసుకొచ్చాడు. గొంతు పెంచకుండా, నవ్వుతూ, అమ్మా అమ్మా అంటూ తిన్నాడు. మీ పిల్లలేం చేస్తున్నారని అడిగాను.

"హైదరాబాదులో హాస్టల్లో పెట్టినానమ్మా. ఫోన్లు గీన్లు ఉండవాడ. బాగా చదువుకుంటాండారు" అన్నాడు.

ఆ మాట అర్థం నాకు ఆ రోజు తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆయన తిన్న కంచాన్ని ముట్టుకోబుద్ధి కాదు. తన పిల్లలకు చదువు, పక్కవాళ్ల పిల్లలకు కర్రలు.

మావాడు మెల్లగా మారాడు. ఎప్పుడు చూసినా చెవుల్లో వైర్లు, చేతిలో ఫోను. అందులో ఎవడో ఒకడు అరుస్తూ ఉంటాడు. వాడి నోట్లోంచి 'వాళ్లు', 'మనోళ్లు' అనే మాటలు తప్ప ఇంకొకటి రావడం తగ్గిపోయింది. మరుసటి క్రిస్మస్‌కు టీచరమ్మ వచ్చి డేగిసా ఎంచుకుని బల్ల మీద పెట్టింది.

"సిలువ నేను గీయను" అన్నాడు.

"ఏందీ?" అన్నాను, సరిగ్గా వినపడక.

"గీయనంటే గీయను అత్తా. వాళ్ల దుడ్లు మనకొద్దు."

ఆమె అక్కడే నిలబడి ఉంది. ముఖం చిన్నబోయినా, "పర్లేదులే నాయనా, పేరొక్కటి రాసియ్యి" అంది. వాడు మిషను బల్ల మీద పడేసి బయటికి పోయాడు. నేనే వంకరటింకరగా ఏదో గీసిచ్చాను. రాత్రి భోజనాల దగ్గర గట్టిగా కేకలేస్తే, వాడు నన్ను చూసి జాలిగా నవ్వాడు.

"నీకేం తెల్దు అత్తా. నువ్వు గుళ్లకు పోతాండావ్, వస్తాండావ్. ఈడ ఏం జరుగుతాందో నీకు తెల్దు."

నేను ప్రతి సోమవారం మహానందికి పోయేదాన్ని. నాకు దేవుడి గురించి వీడు చెప్పాలి!

తమ్ముడికి ఫోను చేశాను. "వాని సావాసం బాలేదప్పా. బేగ వచ్చి పిల్చుకపో."

"తాగుతాండాడా? ఆడపిల్లల యెంట పడ్తాండాడా? లేదు గదక్కా. దేవుని పనే గదా చేసేది. చేసుకోనీలే" అన్నాడు తమ్ముడు.

డిగ్రీ అయిపోయి వాడు ఆళ్లగడ్డకు పోయాడు. నిజం చెప్పాలంటే, ఇంట్లోంచి వాడి సంచీ కదిలినప్పుడు నాకు ఊపిరాడినట్టయింది.

అయ్యగారు ఆదివారాలు మధ్యాహ్నం పూట ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లెకు పోయి, ఒక కూలీ కుటుంబం ఇంటి ముందు ప్రార్థన పెట్టేవాడు. ఒక సోమవారం పొద్దున నేను మహానందికి పోయొచ్చి అంగడి తెరిచి కూర్చునేసరికి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో ఉంది. చిన్న షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు. మూతికి చేతిగుడ్డలు కట్టుకున్న కుర్రాళ్లు తోసుకొచ్చారు. అయ్యగారి కుర్చీని ఎవడో తన్నాడు. ఆయన పడ్డాడు. కళ్లద్దాలు ఎక్కడో పడిపోతే నేల మీద చేత్తో తడుముకుంటున్నాడు. మేము చెప్పింది అను, అను అని అరుస్తూ తంతున్నారు. ఆయన అన్నాడు. అన్నాక కూడా తన్నారు. ఒకడు నవ్వుతుంటే వాడి ముఖం మీది గుడ్డ జారింది. మావాడే. వాడిది అచ్చం మా నాయన ముఖం. ఆ ముఖం అట్లా నవ్వగలదని నాకు తెలియదు. పడి ఉన్న మనిషి చెవి మీద బూటుకాలితో తన్ని, ఆ బూటును ఆయన పంచెకే తుడుచుకున్నాడు.

వీడియో కింద వరసగా చప్పట్ల బొమ్మలు. మా ఆయన ఉన్న రోజుల్లో పెళ్లిళ్లలో నాకు పసుపూ కుంకుమా ఇచ్చిన చేతులే ఆ బొమ్మలు పెట్టాయి. నా తమ్ముడు కూడా పెట్టాడు. నేను అంగడి వెనక్కి పోయి వాంతి చేసుకున్నాను.

అయ్యగారిని నంద్యాల ఆసుపత్రికే తెచ్చారని తెలిసి సాయంత్రం పోయాను. పక్కటెముకలు విరిగాయి. ఒక చెవి ఇక వినపడదన్నారు. టీచరమ్మ వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఎందుకొచ్చినావమ్మా? చూసిపోదామనా?" అంది.

"వాడు మావాడే టీచరమ్మా."

"తెలుసు. మా డేగిసా మీద పువ్వు గీసిన పిల్లోడే గదా."

నేను బెంచీ చివర కూర్చున్నాను. ఆమే మళ్లీ అంది: "వీడియోలో ముఖాలు తెలీడం లేదంటాండారు పోలీసులు."

"నాకు తెలుసు గదా. నేను చెప్తా" అన్నాను.

మరునాడు ఆళ్లగడ్డ బస్సెక్కి పోయి పోలీసు స్టేషనులో చెప్పాను. అక్కడి ఆఫీసరు రాయడం ఆపి, "సొంత మేనల్లుడంటాండావ్. బాగా ఆలోచన చేసుకోమ్మా" అన్నాడు. చేసుకునే వచ్చానని చెప్పి సంతకం పెట్టాను. వాడినీ, వాడు పేర్లు చెప్పిన ఇంకొందరినీ పట్టుకున్నారు. తమ్ముడు ఫోను చేసి బూతులు తిట్టాడు. తనకు ఇక అక్క లేదన్నాడు. నాకూ ఒక తమ్ముడు లేకుండా పోయాడని అప్పటికే అనిపించింది కాబట్టి పెద్దగా నొప్పి తెలియలేదు.

బెయిలు వచ్చిన రోజు మరదలు ఫోను చేసి ఏడిచింది. "వదినా, పిల్లోడు ఇంటికొస్తాండాడు. ఒక్కసారి వచ్చి వానితో మాట్లాడు" అంది. జైలు చూసి వచ్చినవాడి ముఖంలో కాస్త సిగ్గయినా కనిపిస్తుందేమోనని పోయాను. జీపు కనిపించింది. వాడు నన్ను చూసి కిందికి దూకి, అందరూ చూస్తుండగా కాళ్లకు మొక్కబోయాడు. నేను వెనక్కి జరిగాను.

"దీవించు అత్తా."

"ఏం జేసినావని?"

"మనోళ్ల కోసం పోయొచ్చినా."

"ఆ ముసలాయన నీకేం జేసినాడ్రా?"

 వాడు పక్కకు చూశాడు. పక్కన ఆ అన్న ఉన్నాడు, తెల్ల చొక్కాలో, నలగకుండా. కేసులో ఆయన పేరు లేదు. ఆ ఆదివారం ఆయన ఊళ్లోనే లేడట. "పెద్దామె కోపంలో ఉంది. ఎక్కు తమ్ముడూ, పోదాం" అన్నాడు. వాడు ఎక్కగానే జీపు కదిలింది. నేను మరదలి ఇంటి గడప తొక్కకుండానే నంద్యాల బస్సెక్కాను.

కేసు చాలాకాలం వాయిదాలు పడి విచారణకు వచ్చింది. అప్పటికి ఆ పల్లె పెద్దమనుషులు, ఇంటి ముందు ప్రార్థన పెట్టించిన కూలీ కుటుంబాన్ని పిలిపించి, సాక్ష్యం చెప్తే ఊళ్లో ఎవరూ పనికి పిలవరని చెప్పారట. వాళ్లు ఎవరినీ గుర్తుపట్టలేమన్నారు. చివరికి అయ్యగారు కూడా తనకేమీ గుర్తు లేదన్నాడు. జడ్జిగారి ప్రశ్న వినపడక చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్లీ అడిగించుకుని మరీ, గుర్తు లేదన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పింది నేనొక్కదాన్నే. నీకూ తమ్ముడికీ ఆస్తి తగాదా ఉందా అని అడిగాడు వాళ్ల లాయరు. లేదన్నాను. మొగుడు పోయి పిల్లలు లేని ఆడది, తమ్ముడి సంసారం చూసి ఓర్వలేదన్నట్టుగా ఇంకేవో అడిగాడు. వెనక కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు.

కేసు కొట్టేశారు. బయట మెట్ల మీద టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని, "మేం ఈడ బతకాల గదక్కా" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. అంతకు ముందు ఎప్పుడూ నన్ను అక్కా అనలేదు.

ఆ అన్నకు తర్వాత ఏదో పదవి వచ్చింది. ఫ్లెక్సీల్లో చేతులు జోడించుకుని కనిపిస్తాడు. ఆయన వెనక చిన్న చిన్న తలకాయల వరసలో ఎక్కడో మావాడు ఉంటాడు. ఉద్యోగం లేదు. తండ్రి అంగట్లో కూర్చోవడం నామోషీ.

మొన్న మధ్యాహ్నం మరదలు ఒక్కతే మా అంగడికి వచ్చింది. కొంగు తీసి చూపిస్తే చెంప మీద వాపు. అంగట్లో కూర్చోరా అని తండ్రి అన్నందుకు వాడు తండ్రి మీద చెయ్యెత్తాడట. అడ్డం పోయిన తల్లికీ తగిలింది.

"మా మాట యినడు వదినా. నువ్వన్నా చెప్పు."

"ఆ దినం లడ్లు ఎవరు చేసినారు?" అని అడిగాను.

ఆమె తల వంచుకుంది. "నేనే" అంది.

నాకు జాలి రావాలి. రాలేదు. ఆ జీపు, ఆ పూలు, ఆ చప్పట్ల బొమ్మలు, వాటి ఏవగింపు ఇంకా నా నాలుక మీదే ఉంది. ఆమెకు అన్నం పెట్టాను. వాపుకు మందు కొనిచ్చి ఆళ్లగడ్డ బస్సు ఎక్కించాను. కిటికీలోంచి, వానికి ఫోనన్నా చెయ్ వదినా అని మళ్లీ అడిగింది. వాడి నంబరు నా దగ్గర లేదన్నాను. అది నిజమే.