గోరు పట్టేంత సందు

మా పెద్దనాయన తలుపు చేస్తే పలకల మధ్య చీమ కూడా దూరదని కడప చుట్టుపక్కల పేరు. మా ఎండలకు చెక్క ఎండి సందులు పడతాయి కాబట్టి, ఆయన పలకలను బిగదన్ని కూర్చేవాడు. యుద్ధకాలంలో కొయ్య ఓడలు కట్టే పనికని ఆయన్ను సముద్రం ఒడ్డుకు తీసుకుపోయారు. తిరిగొచ్చాక కొత్త అలవాటు పట్టుకుంది. ఎవరింటికి పోయినా ముందు తలుపు పలకల మధ్య గోరు పెట్టి చూసేవాడు. గోరు పట్టకపోతే లోపల కూర్చునేవాడు కాదు.

ఒక ఏడు ముసురు పట్టినప్పుడు, ఆయన ఎప్పుడో చేసిన మా ఇంటి తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. అమ్మా, నేనూ, వానకు తప్పక లోపలికొచ్చిన ఆయనా ఇంట్లోనే ఉన్నాం. పలకలు కిర్రుమన్నాయి. ఆయన మొహం పాలిపోయింది. గొడ్డలి తీసుకుని తలుపును నరకసాగాడు.

"ఏమాయ బావా, అట్ల నరుకుతాండావు? వాన నిలిస్తే అదే వస్తాది" అంది అమ్మ.

"ఆడ ఓడ గూడా ఇట్లే అరిచినాదమ్మా. పలకల నడమ సందు ఇడిసి, దాంట్లో నార కుక్కమని ఓడ మేస్త్రులంటే నేను ఇనకపోతిని. మన తలుపు మాదిరే బిగిస్తి. నీళ్లల్లోకి దించినాక పలకలు ఉబ్బి, ఒకదాన్నొకటి నూక్కోని చీలిపాయ. లోపల మనుషులుండిరి."

తలుపు పడిపోగానే మమ్మల్ని వానలోకి లాగాడు. నా చెయ్యి వదలకుండా, ఇల్లు మునిగిపోతుందేమో అన్నట్టు దానికేసే చూస్తూ నిలబడ్డాడు.

మాకు మళ్లీ ఆయనే తలుపు చేశాడు, గోరు పట్టేంత సందులతో. ఎండాకాలమంతా ఇంట్లోకి దుమ్మే. అమ్మ పొద్దూమాపూ చిమ్మేదే గాని, ఒక్కనాడూ ఆ సందుల్లో గుడ్డ కుక్కలేదు.