మగ్గం గుంతలో నీళ్లు

బెంగళూరులో మా అపార్టుమెంటు కింద మురుగునీటిని శుద్ధిచేసే యంత్రం ఉంది. మొన్న దాన్ని బాగుచేయించి, ఆ నీళ్లు పూలకుండీలకు వదులుతూ అసోసియేషన్ వాళ్లు అందరిచేతా చప్పట్లు కొట్టించారు, కేసరిబాత్ పంచారు. నేను కేసరిబాత్ తీసుకున్నాను గానీ చప్పట్లు కొట్టలేదు. ఆ నీళ్ల వాసన ముక్కుకు తగలగానే నల్లమాడ దగ్గర మా మేనత్త ఇల్లు గుర్తొచ్చింది. దాంతోపాటు ఆమె పైఇంటి పెద్దాయన మీద నా పాత కోపమూ లేచి కూర్చుంది.

మామ పోయాక అత్త పట్టుచీరలు నేసి బతికింది. వెనక కొట్టంలో మగ్గం, దాని కింద ఆమె కాళ్లు పెట్టుకునే గుంత. సెలవులకు పోయినప్పుడు ఆ మగ్గం చప్పుడు వింటూ అక్కడే చాపమీద నిద్రపోయేదాన్ని. వీధి మురికికాలువ ఆమె గోడకు దూరంగా పారి, ఊరి దిగువన పెద్దాయన చీనీతోట, అంటే బత్తాయితోట, అంచున కలిసేది. తొంభైల చివర్లో ఆయనకు నలుగురినీ కూర్చోబెట్టుకుని రాజకీయాలు మాట్లాడేందుకు పెద్ద అరుగు కావలసివచ్చింది. అరుగు కాలువ మీదికి వచ్చింది. కాలువను అత్త కొట్టం వైపు తిప్పించాడు. ఇంటింటి స్నానాల నీళ్లూ గిన్నెలు కడిగిన నీళ్లూ గోడ కిందుగా మగ్గం గుంతలోకి ఊరాయి. సగం నేసిన చీర చెమ్మకు మచ్చలు పడింది. మగ్గం విప్పేయక తప్పలేదు.

అత్త పెద్దమనుషులను పిలిపించింది. అందరి ముందూ పెద్దాయన మీసం దువ్వుకుంటూ, “ఏమ్మే, నీ గోడ కాడికొచ్చినాక అవి నీ నీళ్లే. తాగుతావో, పారబోసుకుంటావో నీ ఇష్టం” అన్నాడు. నవ్వనివాళ్లు లేరు. మా నాయన ఒక్కరే నవ్వలేదు, కానీ నోరూ తెరవలేదు. అందుకు ఆయన మీదా నాకు మంటే.

ఆ రోజుల్లోనే ఎవరో వచ్చి, వాడిన నీళ్లను వడకట్టి చెట్లకు పెట్టే పద్ధతి బడి దగ్గర చెప్పిపోయారు. ఊరు ఆవలించింది, అత్త విన్నది. తన కాళ్లాడిన గుంతలోనే రాళ్లు, బొగ్గులు, ఇసుక వరసగా పోయించింది. కాలువ నీళ్లు అందులో దిగి, మెట్టతామర నాటిన పిల్లకాలువ గుండా పెరట్లోకి తేటగా వచ్చేవి. ఆ నీటితో గడ్డి పెంచి, బర్రెను కట్టి, పాలమ్మి బతికింది. ఇసుక తోడి కడిగిన ప్రతిసారీ పైఇంటికేసి చూసి తిట్టేది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను గానీ ఒక్కటీ మరచిపోలేదు.

తర్వాత వానలు ముఖం చాటేశాయి. పెద్దాయన బోర్లు ఎండిపోయాయి, చీనీ చెట్లు ఆకులు ముడుచుకున్నాయి. ఒక పొద్దున ఆయనే మా అత్త గడప ముందు నిలబడ్డాడు. నేను లోపల దోసె తింటున్నాను.

“అక్కా, తోట సచ్చిపోతాండాది. నీ పెరట్లో నుంచి ఒక పైపు ఏసుకుంటా.”

“నా నీళ్లేనని నువ్వే చెప్తివి గదన్నా! నీ మాట కాదనేదానికి నేనెంతదాన్ని?” అంది అత్త. “అరుగు పగలగొట్టు. కాలువ మునుపటి మాదిరే నీ తోట కాడికి పోతాది.”

ఆయన అరుగు పగలగొట్టలేదు. పగలగొడితే ఊరి ముందు తప్పు ఒప్పుకున్నట్టు. ఆ అరుగు మీదే కూర్చుని తోట ఎండిపోవడం చూశాడు. చెట్లు నరికించి కట్టెలకు అమ్ముతుంటే అత్త ఒక బండెడు కొని, ఆ మంట మీద పూర్ణం పెట్టిన ఓళిగలు కాల్చి వీధంతా పంచింది. పైఇంటికీ ఒక పళ్లెం పంపింది. అంత రుచైన ఓళిగ నేను మళ్లీ తినలేదు.

ఆ రాత్రి భోంచేశాక అత్త కొట్టంలోకి పోయి, గుంత అంచున, ఇదివరకు నేసేటప్పుడు కూర్చునే చోటే కూర్చుంది. “గెలిచినావు గదత్తా!” అన్నాను. “చప్పుడే లేదు గదమ్మా ఈడ” అంది.

ఇప్పుడు ఆయనా లేడు, అత్తా లేదు. నా కోపం ఈపాటికి చల్లారి ఉండాలి. కాలం పైనీటిని తేటపరిచింది గానీ, అడుక్కు దిగినదాన్ని తోడి కడగడం నాకు చేతకాలేదు.